బ్యాళ్ళు ఉడికే నీళ్ళు

1987, మే 11

ఆర్డరు వచ్చేసింది. జూన్ నుంచి పావగడ కన్నడ బడిలో. రోజూ ఈ ఊరి నుంచి బస్సులో వెళ్ళి రావడం నా వల్ల కాదు. ఈయన ఎలాగూ అక్కడే, చెనక్కాయల మిల్లులో గుమాస్తా. వారంలో సగం రోజులు అక్కడే పడుకుంటున్నాడు. ఇల్లు చూడాలి.

రెండుచోట్ల ఖాళీ ఉన్నాయట. కొండ కింద కోటవీధిలో ఒకటి, బస్టాండుకు అవతల పదేళ్ళ కింద వేసిన కాలనీ, ఎక్స్‌టెన్షన్‌లో ఒకటి.

చిట్టికి మొదటి పన్ను ఊడింది. నాయన దాన్ని పేడలో చుట్టి మిద్దె మీదికి విసిరాడు. "కొత్త పన్ను తెల్లగా రావల్ల, మీయమ్మ మాదిరి కాదు" అన్నాడు మనవరాలితో. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, చేయి అడ్డం పెట్టుకుని.

మే 12

ముప్పై ఏళ్ళు వచ్చాయి, ఒక్క ఫోటోలోనూ నోరు తెరవలేదు. పెళ్ళి ఫోటోలో కూడా మూతి బిగించుకుని కూర్చున్నాను, ఎవరో చచ్చినట్టు. తుమకూరు ట్రైనింగు హాస్టల్లో ఆ పిల్ల అడిగింది ఇప్పటికీ గుర్తే — "ఏం వేసి తోముతావే, బెల్లం పాకమా?" అందరూ నవ్వారు. పాకం కాదు తల్లీ, మా ఊరి నీళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ అవే తాగాం. ఊళ్ళో సగం మంది పళ్ళు అంతే, గోధుమరంగు చారలు.

కాబట్టి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఇల్లు ఎలాంటిదైనా సరే, నీళ్ళు మంచివి కావాలి. చిట్టికి నా పళ్ళు రాకూడదు. అది మొదటి షరతు. మిగతావన్నీ దాని తర్వాతే.

మే 14

కోటవీధి ఇల్లు చూశాను. రాతిగోడలు, మట్టిమిద్దె. ముందొక గది, వెనక వంటిల్లు, అంతే. వంటింట్లో నిటారుగా నిలబడితే దూలం నెత్తికి కొడుతుంది. కొండ పక్కనే కదా, బండల వేడి పొద్దు గుంకినా తగ్గదట. పాయిఖానా లేదు. తెల్లారక ముందే ఆడవాళ్ళందరూ బండల వెనక్కి పోవాలి.

వీధి మధ్యలో రాతి బావి. గిలక చప్పుడు, బిందెల చప్పుడు, తగవులు. ఒక చెంబు తాగాను. అడగకుండానే ఇంకో చెంబు ముంచుకుని తాగాను.

ఇల్లుగలామె నరసక్క. ముసలిదే కానీ గొంతు ఖంగుమంటుంది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "యా ఊరు మే? ఎవురి కూతురివి?" అంది. చెప్పాను.

"ఓయమ్మా! మన గొర్రెల హనుమన్న కూతురా! టీచరైనావా! ఒసే, రాండే, హనుమన్న కూతురంట!"

వీధి వీధంతా వచ్చింది. నాయన సంతకొచ్చినప్పుడల్లా ఈ అరుగు మీదే కూర్చుని సద్ది తింటాడట. ఒకామె నా చీర కొంగు పట్టుకుని చూసింది. ఇంకొకామె "ముక్కు అచ్చం నాయన్దే" అంది. ఎవరో మజ్జిగ తెచ్చారు.

సంతోషించాలి కదా. నాకేమో ఎప్పుడు బయటపడదామా అని ఉంది. బడిలో ఎవరైనా ఎక్కడుంటారు టీచర్ అంటే కోటవీధి అనాలి. అప్పుడు వాళ్ళు "ఓ, గొర్రెల..." అని ఆగుతారు. ఆ ఆగడం నాకు బాగా తెలుసు.

మే 16

ఎక్స్‌టెన్షన్.

వరసగా ఇళ్ళు, ప్రతి ఇంటికీ గేటు. ఆర్సీసీ కప్పు, ఎర్ర గచ్చు. పెరట్లో పాయిఖానా, దానికి తలుపు, తలుపుకి గొళ్ళెం. లోపలికి వెళ్ళి గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాను. గొళ్ళెం చూసి కళ్ళలో నీళ్ళు తిరగడం ఏమిటో, పిచ్చి కాకపోతే.

ఇంటి ముందు కొళాయి. వీధి చివరి బోరు నుంచి వస్తాయి, పొద్దున గంట, సాయంత్రం గంట. పుక్కిలించి చూశాను. చప్పగా ఉన్నాయి, మింగాక నాలిక వెనక ఏదో ఉప్పదనం. "వచ్చే ఎండాకాలానికి దూరం నుంచి మంచినీళ్ళ పైపు వేస్తారు" అంది ఓనరమ్మ. ఆమెది తుమకూరు వైపు, ఇంట్లో కన్నడమే. తెలుగు వింటే కొంచెం కొంచెం తెలుస్తుంది, మాట్లాడదు. భర్త రిటైరయ్యాడు. పక్క భాగంలో వాళ్ళుంటారు, కొడుకు పిల్లాడు వీళ్ళ దగ్గరే పెరుగుతున్నాడు.

"మీ తండ్రిగారేం చేస్తారు?" అని అడిగింది.

వ్యవసాయం అన్నాను. అబద్ధం కాదు, రెండెకరాల చెనక్కాయ చేను ఉంది. వాన పడిన ఏడు విత్తనమేస్తాం.

"ఓహో, జమీన్దార్లా!" అని నవ్వింది. నేనూ నవ్వాను, చేయి అడ్డం. అవుననలేదు. కాదని కూడా అనలేదు.

బాడిగ కోటవీధికి రెండింతలు.

మే 17

కాదనాల్సింది.

మే 20

బ్యాళ్ళ పరీక్ష, అంటే పప్పు ఉడికించి చూడటం.

అమ్మ ఉన్నప్పుడు ఇదే చేసేది, ఏ ఊరి నీళ్ళైనా మంచివో కాదో తేల్చడానికి. నిన్న రెండు సత్తు క్యాన్లు తీసుకుపోయి, ఒకదాంట్లో కోటవీధి నీళ్ళు, ఇంకోదాంట్లో ఎక్స్‌టెన్షన్ నీళ్ళు తెచ్చాను. బస్సులో కండక్టరు "టీచరు పాలమ్ముతాండాదా ఏంది?" అని ఎకసెక్కం. ఈ రోజు రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు. ఒకటే కొలత కందిబ్యాళ్ళు, ఒకటే మంట.

కోటవీధి గిన్నె ముప్పావు గంటలో వెన్నలా అయింది, గరిటె పెడితే చాలు. ఎక్స్‌టెన్షన్ గిన్నె గంటన్నర మరిగింది. పైన తెల్లటి తెట్టు. బ్యాళ్ళు పలుకు పలుకుగా అలాగే. నోట్లో వేసుకుంటే కరకరమన్నాయి.

నాయన వచ్చి రెండు గిన్నెల్లోకీ తొంగిచూసి, "ఇంగేముండాది మే పాపా, తేలిపాయె కదా" అన్నాడు.

తేలిపోయింది. నాకూ తెలుసు.

మే 24

ఈయన వచ్చాడు. చెప్పాను రెండు ఇళ్ళ సంగతీ. "మా సేట్టు తమ్ముడు కూడా ఎక్స్‌టెన్షన్లోనే ఉండేది" అన్నాడు. బ్యాళ్ళ సంగతి చెబితే, "సోడా ఉప్పేస్తే ఉడుకుతాయి" అన్నాడు. పళ్ళకి కూడా సోడా ఉప్పు వేస్తావా అన్నాను. "నీ ఇష్టం, నువ్వే కదా ఇల్లు నడిపేది ఆడ" అన్నాడు. ఎప్పుడూ ఇంతే, మెత్తగా తప్పుకుంటాడు. నాకు తిట్టేవాళ్ళు కావాలి, ఇలా కాదు.

మే 25

గొళ్ళెం గుర్తొస్తోంది. ఛీ.

మే 27

ఏం రాయాలో తెలియడం లేదు. అయినా రాస్తాను, రాయకపోతే రేపటికి దీన్ని ఇంకోలా మార్చి చెప్పుకుంటాను.

నాయన తను కూడా చూస్తానన్నాడు. "నేను చూడకుండా నా మనవరాల్ని యాడ పెడతావు?" అన్నాడు. వద్దనలేకపోయాను. భుజాన కంబళి, చేతిలో కట్టె, కిర్రు చెప్పులు. కోటవీధి ముందే తెలుసు కాబట్టి ఆగలేదు, నేరుగా ఎక్స్‌టెన్షన్. నేను ఓనరమ్మతో లోపల మాట్లాడుతున్నాను, అడ్వాన్సు సంగతి. నాయన లోపలికి రాలేదు. "మీరు మాట్లాడుకోండి, నేను ఈది చూసుకుంటా" అని గేటు బయటే ఉండిపోయాడు.

వీధిలో పిల్లలు గోలీలాడుతున్నారు. కిటికీలోంచి చూస్తే — నాయన గొంతుక్కూర్చుని ఒక్కొక్క పిల్లాడినీ పిలుస్తున్నాడు. "రా నాయనా, ఇట్ల రా, నోరు తెర్సు." బొటనవేలితో కింది పెదవి కిందికి లాగి, పళ్ళు చూసి, తల వెలుగువైపు తిప్పి, వదిలేసి, "నువ్వు రా" అని ఇంకొకడిని. సంతలో గొర్రెను బేరమాడేటప్పుడు చూస్తారే, రెండు పళ్ళదా నాలుగు పళ్ళదా అని, అచ్చంగా అలాగే. పిల్లలు మొదట నవ్వుతూ వరసలో నిలబడ్డారు. మూడోవాడో నాలుగోవాడో ఓనరమ్మ మనవడు. వాడు బెదిరి ఏడుపు లంకించుకున్నాడు.

ఓనరమ్మ బయటికి పరిగెత్తింది. వెనకాలే నేను.

నాయన నన్ను చూసి లేచి, గట్టిగా, వీధి వీధంతా వినేలా — కొండమీద గొర్రెను అదలించే గొంతే ఎప్పుడూ — "పాపా! ఈడ వద్దు మే! ఈ పిల్లోళ్ళకి అందురికీ నీ పళ్ళే!"

నా చేయి దానంతటదే నోటి మీదికి పోయింది.

ఓనరమ్మ మనవణ్ణి ఎత్తుకుని నావైపు తిరిగింది. "యారు అవరు?" ఎవరతను అని.

"నమ్మూరవరు" అన్నాను. మా ఊరివాళ్ళు అని. అంతటితో ఆగానా? "కురి కాయువవరు" అని కూడా అన్నాను. గొర్రెలు కాసేవాళ్ళు.

నాయనకి కన్నడం రాకపోతే బాగుండేది. యాభై ఏళ్ళ నుంచి కన్నడం వాళ్ళకి గొర్రెలు అమ్ముతున్న మనిషికి రాకపోవడమేమిటి?

"చేయి కడుక్కోకుండా మా పిల్లాడి నోట్లో పెట్టాడు" అని ఆమె గొణుగుతోంది. నాయన నావైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమెకి రెండు చేతులూ జోడించి, "తప్పాయె తల్లీ, గొర్రెలోన్ని, తెలీక చేసినా" అన్నాడు. కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోబోయాడు. నీళ్ళు రావడం లేదు. ఉత్త చేతులే రుద్దుకుని, కంబళికి తుడుచుకుని, రోడ్డు అవతల పోయి నిలబడ్డాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. "కూచోండి టీచరమ్మా" అన్నాడు నాయన.

మే 28

ఎగతాళికి అన్నాడనుకున్నాను. ఈ రోజు పొద్దున కూడా, "టీచరమ్మా, మంద తోలుకు పోతాండా." మామూలుగానే. కోపం లేదు గొంతులో. అదే భయంగా ఉంది.

తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

మే 29

'అవరు' అని మర్యాదగానే అన్నాను కదా, 'అవను' అనలేదు కదా అని నిన్నంతా నాకు నేనే చెప్పుకున్నాను. దరిద్రపు ముఖాన్ని. వ్యాకరణం చూసుకుంటున్నాను.

మే 30

ఎక్స్‌టెన్షన్ ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశాను.

కారణాలు: బడికి దగ్గర. పాయిఖానా ఉంది. హెడ్‌మిస్ట్రెస్ కూడా అదే వరసలో. నీళ్ళ పైపు ఎలాగూ వస్తుంది. పిల్లకి కన్నడం బాగా వస్తుంది. ఇవన్నీ ఈయనకి చెప్పాను, గడగడా, పాఠం ఒప్పచెప్పినట్టు. సరే అన్నాడు.

అసలు కారణం ఇక్కడైనా రాయాలి కదా. కోటవీధిలో నేను హనుమన్న కూతుర్ని. ఎక్స్‌టెన్షన్లో కాదు. ఒకసారి కాదన్నాక ఇక మళ్ళీ కోటవీధికి ఏ ముఖం పెట్టుకుని పోను? పోతే ఎవరో ఒకరు రెండుచోట్ల మాటలూ కలుపుతారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు చిట్టి పళ్ళు గుర్తురాలేదా అంటే, వచ్చాయి. వచ్చినా ఇచ్చాను.

జూన్ 4

చేరాం.

సామాను ఎద్దులబండి మీద నాయనే తెచ్చాడు. గేటు దాకా. పాలు పొంగించడానికి మేకపాలు కూడా తెచ్చాడు, చెంబుకి గుడ్డ కట్టి. ఓనరమ్మ వరండాలో నిలబడి చూస్తోంది. నేను "లోపలికి రా" అని అన్నాననుకుంటున్నాను. అన్నానా? పెదవులు కదిలాయి, అంతవరకు తెలుసు. నాయన బీరువా, మూటలు గేటులో దించి, "టీచరమ్మా, ఇంగ ఏమన్నా ఉండాయా?" అన్నాడు. పాలు పొంగే సమయానికి బండి మలుపు తిరిగింది.

చిట్టి "తాత ఏడి?" అని అడిగింది. మందకి పోయాడన్నాను.

జూన్ 15

బడి. ఒకటో తరగతి నాదే, చిట్టి కూడా అందులోనే. అక్షరాలు పలికిస్తుంటే అందరి నోళ్ళూ తెరుచుకుంటాయి. పాలపళ్ళు తెల్లగా, ఊడి కొత్తవి వచ్చినచోట చారలు. ఎక్స్‌టెన్షన్ పిల్లలు ఎవరో, కోటవీధి పిల్లలు ఎవరో రిజిస్టరు చూడకుండా చెప్పగలను. నాయన ఒక్క పూటలో కనిపెట్టింది ఇదే.

వాన లేదు. బస్టాండులో అందరూ ఆకాశం చూసి మాట్లాడుకుంటున్నారు.

జూన్ 21

చిట్టికి తాగడానికి ఏం చేయాలి? కోటవీధికి బిందె పట్టుకుని వెళ్తే నరసక్క అడుగుతుంది. వెళ్ళలేదు. కొళాయి నీళ్ళు కాచి, వడగట్టి ఇస్తున్నాను. కాస్తే పోయేది కాదని తెలిసి కూడా కాస్తున్నాను.

జూన్ 26

పొద్దున ఏడింటికి గేటు చప్పుడు.

"టీచరమ్మా, నీళ్ళు!"

నాయన. భుజాన కావడి, రెండు వైపులా రెండు బిందెలు, పైన వేపరెమ్మలు. గడ్డి లేక మందలన్నీ ఇటువైపు వచ్చేశాయట, ఊరి బయట ఒక రైతు బీట్లో దించారట. కోటవీధి బావిలో తోడి, బస్టాండు మీదుగా మైలు దూరం మోసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి.

గేటు లోపలికి వచ్చి బిందెలు దించి వెనక్కి అడుగేశాడు. "పాపకి ఈ నీళ్ళే తాపండి" అన్నాడు. తాపండి. నాకు బహువచనం.

కాఫీ ఇస్తానన్నాను. "మంద ఉండాది టీచరమ్మా" అని వెళ్ళిపోయాడు.

జూలై 3

రోజు విడిచి రోజు వస్తున్నాడు. ఓనరమ్మ లేచేలోపే వస్తాడు. కావాలనే అనుకుంటా.

జూలై 8

ఈ రోజు "నాయనా, ఎందుకిట్ల చేస్తాండావు, తిట్టు నన్ను" అన్నాను. మా ఇంటి మాటే వచ్చింది, టీచరు తెలుగు కాదు. నాయన బిందె ఒంచుతూ, "ఏం జేసినా? నీళ్ళు తెస్తాండా" అన్నాడు. పక్క తలుపు గడియ చప్పుడైంది. వెంటనే, "వస్తా టీచరమ్మా."

నాకోసమే అలా పిలుస్తున్నాడా? నన్ను శిక్షించడానికా, కాపాడటానికా? అడిగే ధైర్యం లేదు.

జూలై 19

ఓనరమ్మకి సాంబారు ఇచ్చాను, వాళ్ళింట్లో చుట్టాలొచ్చారని. గిన్నె తిరిగిస్తూ, "నీ బ్యాళ్ళు ఇంత మెత్తగా ఎలా ఉడికాయి? ఎంత సోడా వేసినా మావి ఉడకవు" అంది.

సోడా కాదు, నీళ్ళు అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

"అయ్యో, ఆ పొద్దున్నే వచ్చే మీ ఊరి గొర్రెలాయన తెచ్చేవా? మాకూ రెండు బిందెలు వేయమని చెప్పమ్మా. బిందెకి ఎంత తీసుకుంటాడు?"

ఎంత తీసుకుంటాడు. నేను గచ్చు మీద ముగ్గు చూస్తూ నిలబడ్డాను. కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కుని చెబుతానన్నాను! నా తండ్రి కూలి ఎంతో కనుక్కుని చెబుతానన్నాను.

జూలై 20

నాయన వచ్చేసరికి ఆమె వరండాలోనే కాచుకుని ఉంది. తనే అడిగేసింది. నాయన నావైపు చూడలేదు. "టీచరమ్మ చెప్పినంత ఇయ్యండి తల్లీ" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. బిందెకి అర్ధరూపాయి అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

జూలై 22

నాలుగు బిందెలు. రెండు తడవలు తిరిగాడు. ఓనరమ్మ రూపాయి ఇచ్చింది. నాయన దాన్ని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు, మొదటి బేరం చేసినవాడు అద్దుకున్నట్టు. నిజంగానే అద్దుకున్నాడు, నాటకం కాదు. సంపాదన ఏదైనా అంతే నాయనకి.

నేను కిటికీ వెనక.

ఆగస్టు 1

చిట్టి ఈ రోజు తొందరగా లేచింది. గేటు చప్పుడు వినగానే "తాతా!" అని పరిగెత్తి కంబళిలో దూరింది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను. ఏం దాచను, ఆ క్షణంలో భయంతో పాటు ఏదో తేలిక కూడా. నేను చెప్పకుండానే తెలిసిపోతోంది కదా అని.

ఓనరమ్మ మురిసిపోయింది. "పిల్లకి ఎంత మర్యాద నేర్పావమ్మా! నీళ్ళాయన్ని కూడా తాత అంటుంది. మావాడు నేర్చుకోవాలి."

నాయన చిట్టి తల నిమిరి, "అందురికీ తాతనే కదా తల్లీ ఈ వయసులో" అన్నాడు.

నేనేం అన్నాను? థాంక్స్ అన్నానేమో కూడా.

ఆగస్టు 9

చిట్టికి కింద కొత్త పన్ను అంచు కనిపిస్తోంది. ఎండలోకి తీసుకెళ్ళి పెదవి కిందికి లాగి చూశాను. బొటనవేలితోనే. నాయన పట్టిన పట్టే. తెల్లగానే ఉన్నట్టుంది. ఇంకా బియ్యపు గింజంతే, చెప్పలేను. ఎక్కడి నీళ్ళు ఎన్ని నెలలు లోపలికి పోయాయో ఆ పన్నుకే తెలుసు.

"నాది కూడా నీలాగ వస్తుందా?" అంది చిట్టి. కన్నడంలో అడిగింది. అదొకటి.

ఆగస్టు 12

మందుల షాపు దగ్గర నరసక్క ఎదురుపడింది. తప్పించుకునే వీల్లేదు. "ఆ ఇల్లు ఎవురికీ ఇయ్యలేదు మే. హనుమన్న అడిగి పెట్టినాడు, మా పాప వచ్చినా వస్తాదని. నీ నాయన ఆ గేటు కాడ నిలబడి నీళ్ళు పోస్తాండాడంట, నిజమేనా?"

"అవును" అన్నాను.

ఆమె నా చేతిలో సంచి తీసుకుని కొంచెం దూరం మోసింది.

ఆగస్టు 13

మా పాప వచ్చినా వస్తాదని.

అంటే నేను లేనిచోట పాపనే.

ఆగస్టు 16

నేర్చుకుంటున్నాను. ఒకటో తరగతి వాళ్ళు కూడా చెప్పగలిగిన వాక్యం. "ఇవరు నమ్మ తందె." ఈయన మా నాన్న. మూడు మాటలు. వంటింట్లో అంటే సరిగ్గా వస్తుంది. అద్దం ముందు అంటే చేయి నోటి మీదికి పోతుంది. చేతిని కొంగులో చుట్టి మళ్ళీ అన్నాను.

ఈ మాట అన్నాక ఓనరమ్మ ఖాళీ చేయమన్నా చేయమనవచ్చు. అంటే అననీ, కోటవీధి ఇల్లు ఖాళీగానే ఉంది. దూలం తగులుతుంది, తగలనీ. అని ఇప్పుడు రాస్తున్నాను. పొద్దున ఎలా ఉంటానో.

ఆగస్టు 18

చెప్పాను.

నాయన మొదటి తడవ బిందెలు దించాడు. ఓనరమ్మ తన బిందె పట్టుకుని నిలబడి ఉంది. నేను గేటు దాకా వెళ్ళాను, నాయన పక్కన నిలబడ్డాను, చేయి కొంగులో చుట్టుకుని. "ఇవరు నమ్మ తందె" అన్నాను. గట్టిగానే. నా పళ్ళన్నీ కనబడే ఉంటాయి.

ఓనరమ్మ ఒక్క క్షణం ఇద్దర్నీ చూసింది. తర్వాత ఆప్యాయంగా నవ్వింది. "అవునమ్మా, నిజమే. ఇంత దూరం ఇంత బరువు మోసుకొచ్చి పోస్తున్నాడు, తండ్రిలాంటివాడే. నీది మంచి మనసు."

లాంటివాడు కాదు అనాలి. నోట్లోనే ఉంది మాట. ఒక్క మాట. నాయన వంగి, "ఈ బిందె యాడ పొయ్యల్ల తల్లీ?" అని ఆమెని అడిగాడు. ఆమె లోపలికి దారి చూపించింది. అయిపోయింది.

రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాస్తాను. ఆమె అలా అనుకోగానే నాకు ఊపిరి ఆడింది. హాయిగా అనిపించింది. చెప్పినట్టూ అయింది, తెలియనట్టూ అయింది. సిగ్గు అనేది ఇంత లోతుగా ఉంటుందని నాకు తెలియదు.

రెండో తడవ కూడా పోసి, ఆమె ఇచ్చిన రూపాయి కళ్ళకద్దుకుని, నాయన కావడి ఎత్తుకున్నాడు. గేటు వేయడానికి నేను వెనకాలే వెళ్ళాను. ఓనరమ్మ వరండాలోనే ఉంది, బిందె మీద మూత సరిచేస్తూ. నాయన ఆమెవైపు ఒకసారి చూసి, తల వంచి, కావడి బద్ద సర్దుకుంటున్నట్టు నా దగ్గరికి జరిగాడు.

"పాపా" అన్నాడు. "కొంగు తీయి మే చేతికి. చెమట పట్టింది."

ఆమెకి వినబడకుండా అన్నాడు.